పైరసీ చట్టాలు, ఇంటర్నెట్ స్వేచ్ఛ, మన ఎంపీ: తిరుపతిలో తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో కళాశాల విద్యార్థులతో, యూట్యూబ్ ఛానళ్ళు నడిపేవారితో, పెళ్ళి వీడియోలు తీసేవారితో, సినిమా పంపిణీ తెలిసినవారితో ఈ విషయం మాట్లాడిన ప్రతిసారీ ఇవే సందేహాలు వస్తున్నాయి. పైరసీని ఆపాలంటే ఇంటర్నెట్‌కు సంకెళ్ళు వేయక తప్పదా? మన ఎంపీ ఎటు నిలబడాలి? ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. సినిమా దొంగిలించినవాడికి శిక్ష పడాలి. వెబ్‌సైటుకు తాళం వేసే అధికారం మాత్రం ఎవరి చేతిలో ఉన్నా, ఆ తాళం ఎవరు వేశారో, ఎందుకు వేశారో ప్రజలకు కనిపించాలి.

## మొదటి దశ: అసలు గొడవ ఎక్కడ

పైరసీని ఆపే చట్టాన్ని ఎవరైనా ఎందుకు వ్యతిరేకిస్తారు?

పైరసీ కావాలని ఎవరూ వ్యతిరేకించడం లేదు. గొడవంతా ఆ చట్టం ఎవరి చేతికి ఏ ఆయుధం ఇస్తుందన్న దాని గురించే. దొంగతనం చేసిన మనిషిని పట్టుకోవడం ఒక పద్ధతి. అతను పెట్టిన లింకును తీసేయించడం రెండో పద్ధతి. ఆ లింకు ఉన్న సైటు మొత్తాన్ని దేశంలో ఎవరికీ తెరుచుకోకుండా చేయడం మూడో పద్ధతి. మనిషిని పట్టుకోవడానికి దర్యాప్తు కావాలి, నెలలు పడుతుంది. సైటు మూయడానికి ఒక ఆదేశం చాలు. అందుకే అందరి చూపూ మూడోదాని మీదికి పోతుంది. ఆ సైటులో దొంగ సినిమా పక్కనే ఒకరి పాఠం, మరొకరి వ్యాసం ఉండవచ్చు. వాటిని పెట్టినవారిని ఎవరూ అడగరు. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే హక్కుకు, దాని మీద వృత్తి వ్యాపారాలు చేసుకునే హక్కుకు రాజ్యాంగ రక్షణ ఉందని అనూరాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది. ఆ హక్కును కాపాడమని అడగడం దొంగను కాపాడమని అడగడం కాదు.

పైరసీ వల్ల నష్టపోయేది కోట్లు తీసుకునే హీరోలే కదా, మనకెందుకు?

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. పెద్ద హీరో పారితోషికం చాలావరకు విడుదలకు ముందే చేతికి అందుతుంది. దెబ్బ తగిలేది ఆ తర్వాతి మెట్ల మీద ఉన్నవారికి. మన ప్రాంతాన్ని సినిమా వ్యాపారంలో ‘సీడెడ్’ అంటారు. నిజాం 1800లో బ్రిటిషువారికి అప్పగించిన జిల్లాలు కాబట్టి ఆ పేరు వచ్చింది. పాలన మారినా వ్యాపారంలో పేరు నిలిచిపోయింది. సీడెడ్ హక్కులు కొన్న పంపిణీదారు అప్పు తెచ్చి కొంటాడు. మొదటి వారం వసూళ్ళే అతని ఊపిరి. ఆ వారంలోనే దొంగ కాపీ ఫోనుల్లోకి వస్తే అతనితో పాటు చిత్తూరులోనో శ్రీకాళహస్తిలోనో ఉన్న చిన్న థియేటరు, అందులో క్యాంటీను పాడుకున్నవాడు, వాహనాల స్టాండు నడిపేవాడు అందరూ పడతారు. చిన్న సినిమా తీసినవారి పరిస్థితి ఇంకా కష్టం. వారికి రెండో అవకాశం రాదు.

సైట్లు మూసేస్తే పైరసీ ఆగుతుందా?

కొంత తగ్గుతుంది, ఆగదు. మూసిన సైటు పేరులో ఒక అక్షరం మార్చుకుని మర్నాడే తెరుచుకుంటుంది. దీన్ని గమనించే ఢిల్లీ హైకోర్టు 2019 ఏప్రిల్ 10న యూటీవీ కేసులో కొత్త దారి చూపింది. పైరసీ కోసమే నడిచే సైటు అని తేలితే, అది పేరు మార్చుకుని వచ్చినప్పుడల్లా కొత్త దావా వేయనవసరం లేదు, పాత ఆదేశాన్నే దానికీ వర్తింపజేయవచ్చు అని.

అయితే కాపీ పుట్టే చోటు వేరు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే గంటన్నర సినిమా బయటికి పొక్కింది. నిర్మాతలు హడావుడిగా 27వ తేదీనే విడుదల చేయవలసి వచ్చింది. కృష్ణా జిల్లా పెడనలో అరెస్టులు జరిగాయి. ఆ కాపీ సినిమా పని జరిగిన చోటు నుంచే బయటికి వచ్చింది. ఏ సైటు మూసినా అది ఆగేది కాదు. 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఐబొమ్మ కేసులో చేసిన అరెస్టు కూడా ఇదే చెబుతుంది. ఓపికగా దర్యాప్తు చేస్తే తెర వెనుక ఉన్న మనుషుల దాకా వెళ్ళవచ్చు. అరెస్టు అయినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు, అది కోర్టు తేల్చాలి. కానీ నాకు నమ్మకం ఉన్న దారి ఇదే.

ఒక సినిమా కోసం ఏ సంబంధమూ లేని సైట్లు కూడా మూతబడతాయా?

మూతబడ్డాయి, అదీ మన పక్కనే ఉన్న మద్రాసు హైకోర్టు ఆదేశాలతోనే. 2012లో తమిళ సినిమా ‘3’, తెలుగు సినిమా ‘దమ్ము’ కోసం ప్రతివాదులు ‘పేరు తెలియని వ్యక్తులు’ అంటూ ముందస్తు ఉత్తర్వులు తెచ్చుకున్నారు. వాటిని చూపించగానే ఇంటర్నెట్ కంపెనీలు మొత్తం సైట్లకే తాళం వేశాయి. సొంత వీడియోలు పెట్టుకునే విమియో కూడా అందులో ఉంది. గోల లేచాక, 2012 జూన్ 22న అదే హైకోర్టు స్పష్టత ఇచ్చింది. సినిమా దొంగ కాపీ ఉన్న నిర్దిష్ట లింకుకే ఆదేశం వర్తిస్తుంది, సైటు మొత్తానికి కాదు అని.

పాఠం నేర్చుకున్నాం అనుకునేలోగా 2017 ఆగస్టు వచ్చింది. రెండు హిందీ సినిమాల నిర్మాతలు ఇచ్చిన జాబితాలో 2,600కు పైగా సైట్లు ఉన్నాయి. వాటిలో ఇంటర్నెట్ ఆర్కైవ్ ఒకటి. అచ్చు ఆగిపోయిన వేల తెలుగు పుస్తకాలు, పాత పత్రికల సంచికలు స్కాన్ చేసి దాచిన చోటు అది. మన విద్యార్థులు ఎందరో పరిశోధన కోసం తెరిచే గ్రంథాలయానికి ఒక సినిమా కోసం తాళం పడింది. జాబితా తయారు చేసినవారు ఆ సైటును ఒక్కసారి తెరిచి చూసి ఉంటే సరిపోయేది. జాబితాను ఎవరు సరిచూస్తారన్న చిన్న ప్రశ్న మీద నేను ఇంత పట్టు పట్టడానికి కారణం ఇదే.

## రెండో దశ: చట్టం ఏమి చెబుతోంది

థియేటరులో ఫోనుతో పది సెకన్లు తీసినా జైలేనా?

2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం ప్రకారం, అనుమతి లేకుండా థియేటరులో సినిమాను రికార్డు చేయడం, చేయబోవడం, అందుకు సహకరించడం నేరాలే. శిక్ష 3 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు. జరిమానా కనీసం 3 లక్షల రూపాయలు. గరిష్ఠంగా సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా పోవచ్చు. చట్టం పది సెకన్లకు, పది నిమిషాలకు తేడా చెప్పలేదు. విమర్శ, వార్తా కథనం, సొంత వాడకం వంటి వాటికి కాపీరైటు చట్టం ఇచ్చిన మినహాయింపులు ఇక్కడా వర్తిస్తాయి. కానీ అభిమాన హీరో తెర మీదికి వచ్చే ఘట్టాన్ని తీసి స్టేటస్‌గా పెట్టడం ఆ మినహాయింపుల్లోకి వస్తుందని చెప్పడం కష్టం. ఫోను జేబులోనే ఉంచండి.

పైరసీ సైటులో సినిమా చూడడం నేరమా?

ఊరికే చూడడం ఒక్కటే కాపీరైటు చట్టం కింద నేరం కాదని 2016లో బొంబాయి హైకోర్టులో జస్టిస్ గౌతమ్ పటేల్ స్పష్టం చేశారు. పంచడం, బహిరంగంగా ప్రదర్శించడం, అమ్మడం, అద్దెకివ్వడం నేరాలు. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. టొరెంట్ ద్వారా దించుకుంటున్నప్పుడు, మీరు దించుకున్న ముక్కలను మీ కంప్యూటరే ఇతరులకు పంపుతూ ఉంటుంది. అంటే మీకు తెలియకుండానే పంచేవారిలో మీరూ ఒకరవుతారు. కాపీరైటు చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా రాని నేరం ఇది అని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టం మాట అలా ఉంచినా, ఆ సైట్లు బెట్టింగ్ యాప్‌లకు, ఫోనులోకి దూరే దొంగ సాఫ్ట్‌వేర్‌కు వాకిళ్ళు. ఉచితంగా సినిమా చూసి బ్యాంకు ఖాతా పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోను చేయండి.

టెలిగ్రామ్ గ్రూపులో కోచింగ్ నోట్స్ పంచుకుంటున్నాం. ఎవరికీ తెలియదు కదా?

తెలుస్తుంది. ఢిల్లీలో ఒక కోచింగ్ అధ్యాపకురాలి పాఠాలు అనుమతి లేకుండా ఛానళ్ళలో తిరుగుతుంటే, ఆ ఛానళ్ళు నడిపేవారి ఫోను నంబర్లు, ఇతర వివరాలు ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు 2022 ఆగస్టులో టెలిగ్రామ్‌ను ఆదేశించింది. మీరు సొంతంగా రాసుకున్న నోట్స్ ఎంతమందికైనా ఇవ్వండి, అది మీ సొత్తు. డబ్బు కట్టి కొన్న కోర్సు వీడియోలను గ్రూపులో పడేస్తే అది పైరసీయే. అవతల నష్టపోయేది చాలాసార్లు చిన్న గది అద్దెకు తీసుకుని పాఠం చెప్పుకునే మాస్టారు.

యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపులో పుస్తకం పేజీలు తీయించుకోవచ్చా?

పాఠ్యాంశానికి కావలసిన భాగాలు తీయించుకోవచ్చు. ఢిల్లీ యూనివర్సిటీ ప్రాంగణంలోని జిరాక్స్ షాపు మీద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన దావాను 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. బోధన కోసం చేసే కాపీలకు చట్టంలోనే చోటు ఉందని చెప్పింది. పుస్తకం మొత్తాన్ని కాపీ తీసి బైండు చేసి అమ్మడం అందులోకి రాదు.

పరిశోధన వ్యాసాలను అనుమతి లేకుండా ఉచితంగా అందించే సై-హబ్ సైటు గురించి పరిశోధక విద్యార్థులు అడుగుతారు. 2020 డిసెంబరులో ప్రచురణ సంస్థలు వేసిన కేసులో 2025 ఆగస్టులో దాన్ని మన దేశంలో నిలిపివేశారు. మరోవైపు ‘ఒక దేశం, ఒక చందా’ పథకానికి కేంద్రం మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, దాదాపు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. ముందు మీ గ్రంథాలయంలో దాని గురించి అడగండి. తాళం వేయడం కంటే తలుపు తెరవడం పైరసీని ఎక్కువగా తగ్గిస్తుందని నా నమ్మకం.

ఒక సైటును మూయమని అసలు ఎవరు ఆదేశిస్తారు?

మూడు దారులు ఉన్నాయి. మొదటిది సమాచార సాంకేతిక చట్టం 69ఏ సెక్షన్. దేశ భద్రత, శాంతిభద్రతలు వంటి కారణాలకే కేంద్రం దీన్ని వాడాలి. అందులో కాపీరైటు లేదు. ఆ ఆదేశాలను గోప్యంగా ఉంచాలని 2009 నిబంధనలే చెబుతున్నాయి.

రెండోది కోర్టు. నిర్మాత దావా వేస్తే న్యాయమూర్తి ఆదేశిస్తారు. ఎంత వేగంగా జరిగినా, ఇందులో ఒక న్యాయమూర్తి చదివి సంతకం చేస్తారు, ఆదేశం పది మందికీ దొరుకుతుంది.

మూడోది 2023 చట్టంతో వచ్చింది. ఆ ఏడాది నవంబరులో కేంద్ర సమాచార ప్రసార శాఖ తన కార్యాలయాల్లో, సెన్సారు బోర్డులో కలిపి 12 మంది నోడల్ అధికారులను నియమించింది. హక్కుదారు ఫిర్యాదు చేస్తే, పరిశీలించి, దొంగ కాపీని 48 గంటల్లో తీయించాలి. చిన్న నిర్మాతకు ఇది వరం లాంటిది. వకీలు ఖర్చు లేకుండా పని అవుతుంది. లింకు తప్పుగా తీసేస్తే బాధితుడు ఎవరికి చెప్పుకోవాలన్న మాట మాత్రం ఇందులో బలంగా లేదు. నా ఆందోళన అక్కడే.

వీపీఎన్ వాడితే నేరమా?

కాదు. మన నెట్ వాడకాన్ని గుట్టుగా మరో సర్వరు గుండా పంపే ఈ సేవను బ్యాంకులు, కంపెనీలు రోజూ వాడుతున్నాయి. అయితే వీపీఎన్ సంస్థలు వినియోగదారుల వివరాలను 5 ఏళ్ళు దాచి ఉంచాలని 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. వీపీఎన్ వెనుక నుంచి చేసినా నేరం నేరమే.

పక్కనే తమిళనాడులో పైరసీకి గూండా చట్టం ఉందట. మన దగ్గరా తేవాలా?

ఉంది. తమిళనాడు 1982 నాటి చట్టంలో 2004లో ‘వీడియో పైరేట్లను’ చేర్చారు. దాని కింద విచారణ లేకుండా 12 నెలల దాకా నిర్బంధించవచ్చు. చిత్తూరు సరిహద్దు దాటి వ్యాపారం చేసేవారు దీన్ని మెచ్చుకోవడం నేను విన్నాను. నేను మాత్రం వద్దంటాను. నేరం రుజువు చేయకుండా ఏడాది లోపల పెట్టే అధికారం సినిమా కోసం తెచ్చుకుంటే, రేపు అది సినిమా దగ్గరే ఆగుతుందని ఎవరు హామీ ఇస్తారు?

## మూడో దశ: మన ప్రతినిధి ఎటు ఉన్నారు

ఇది ఎమ్మెల్యేను అడగాలా, ఎంపీనా?

ఎంపీని. కాపీరైటు, సమాచార వ్యవస్థలు, సినిమాలకు ప్రదర్శన అనుమతి మూడూ రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో ఉన్నాయి. థియేటర్ల లైసెన్సులు, పోలీసులు రాష్ట్రానివి. పైరసీ కేసు దర్యాప్తు నత్తనడక నడుస్తుంటే ఎమ్మెల్యేను అడగండి. చట్టమే మారాలంటే ఎంపీ కావాలి.

మేము తిరుచానూరులో ఉంటాం. మా ఎంపీ తిరుపతి ఎంపీయే కదా?

కాదు. తిరుచానూరు చంద్రగిరి శాసనసభ నియోజకవర్గంలో ఉంది, చంద్రగిరి చిత్తూరు లోక్‌సభ స్థానంలోకి వస్తుంది. నగరి, గంగాధర నెల్లూరు, చిత్తూరు, పూతలపట్టు, పలమనేరు, కుప్పం కూడా అంతే. తిరుపతి లోక్‌సభ స్థానంలో తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడుతో పాటు సర్వేపల్లి, గూడూరు, వెంకటగిరి, సూళ్ళూరుపేట ఉన్నాయి. 2024లో తిరుపతి నుంచి మద్దిల గురుమూర్తి, చిత్తూరు నుంచి దగ్గుమళ్ళ ప్రసాదరావు ఎన్నికయ్యారు. వీరి వైఖరి ఏమిటో నేను ఊహించి రాయను. అడిగి తెలుసుకోవలసిన విషయం అది.

2023 సినిమాటోగ్రాఫ్ సవరణ బిల్లుకు మా ఎంపీ అనుకూలంగా ఓటు వేశారా, వ్యతిరేకంగానా?

రికార్డులో దొరకదు. ఆ బిల్లు 2023 జూలై 27న రాజ్యసభలో, 31న లోక్‌సభలో ఆమోదం పొందింది. మణిపుర్ మీద సభ అట్టుడుకుతున్న రోజులవి. లోక్‌సభలో మూజువాణి ఓటుతో అయిపోయింది. మూజువాణి ఓటులో ‘అవును’, ‘కాదు’ అన్న గొంతులే ఉంటాయి, పేర్లు ఉండవు. సభ్యులు పట్టుబట్టి విభజన కోరితేనే ఎవరు ఎటు అన్నది నమోదవుతుంది. కాబట్టి మీ ఎంపీ వైఖరి తెలుసుకోవాలంటే వారు సభలో వేసిన ప్రశ్నలు, చేసిన ప్రసంగాలు చూడాలి. అవి లోక్‌సభ వెబ్‌సైటులో పేరు మీద వెతికితే దొరుకుతాయి. పార్టీ విప్ జారీ చేస్తే ధిక్కరించడం పదవికే ముప్పు. ప్రశ్న అడగడానికి మాత్రం ఏ విప్పూ అడ్డురాదు.

పైరసీకి వ్యతిరేకమని చెబుతూనే బిల్లును అడ్డుకునేవారు రెండు నాలుకల మనుషులు కాదా?

చాలామంది అలాగే అనుకుంటారు. అమెరికాలో జరిగింది చూస్తే ఆ అనుమానం పోతుంది. 2010 నవంబరులో అక్కడి సెనేట్ న్యాయ వ్యవహారాల సంఘం పైరసీ సైట్లను నిరోధించే బిల్లును 19-0తో ఆమోదించింది. ఒక్కరూ వ్యతిరేకించలేదు. అప్పుడు ఆరెగన్ సెనేటర్ రాన్ వైడెన్ ఒక్కరే అడ్డం పడ్డారు. 2011 మేలో అదే బిల్లు ‘పీపా’ పేరుతో తిరిగి వస్తే మళ్ళీ ఆపారు. ఆయన ఊరికే ఆపలేదు. ప్రతినిధుల సభ సభ్యుడు డారెల్ ఐసాతో కలిసి మరో బిల్లు తెచ్చారు. సైటు పేరును ఇంటర్నెట్ నుంచి చెరిపే బదులు, విదేశీ పైరసీ సైట్లకు ప్రకటనల డబ్బు, చెల్లింపులు అందకుండా చేద్దాం అన్నది దాని సారాంశం. ఒకరు డెమోక్రాట్, మరొకరు రిపబ్లికన్. ప్రతినిధుల సభలో వచ్చిన జంట బిల్లు ‘సోపా’కు నిరసనగా 2012 జనవరి 18న ఆంగ్ల వికీపీడియా 24 గంటలు నల్లబడింది. రెండు రోజుల్లో ఆ బిల్లులు రెండూ పక్కకు వెళ్ళాయి.

కాలిఫోర్నియా సభ్యురాలు జో లాఫ్‌గ్రెన్ కథ నన్ను ఇంకా ఆలోచింపజేసింది. సోపాను గట్టిగా ఎదిరించినవారిలో ఆమె ఒకరు. ఆమే 2025 జనవరిలో విదేశీ పైరసీ సైట్లను నిరోధించే బిల్లు ప్రవేశపెట్టారు. మాట మార్చారని కొందరు విమర్శించారు. ఆమె బిల్లులో నిరోధానికి ముందు కోర్టు ఆదేశం తప్పనిసరి. పైరసీ చెడ్డదా అన్న విషయంలో వీరెవరికీ తేడా లేదు. తాళం ఎవరు వేయాలి, ఏ పద్ధతిలో వేయాలి అన్నదే వారి మధ్య చర్చ. మన ప్రతినిధుల మధ్యా అదే చర్చ జరగాలి.

మన దేశంలో అలా నిలబడిన ఎంపీ ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. కేరళ నుంచి రాజ్యసభకు వెళ్ళిన సీపీఎం సభ్యుడు పి. రాజీవ్. 2011 ఏప్రిల్‌లో కేంద్రం మధ్యవర్తి సంస్థల (ఇతరులు పెట్టినవాటిని చూపించే సైట్లు, ఇంటర్నెట్ కంపెనీల) నిబంధనలు తెచ్చింది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే సంస్థ 36 గంటల్లో స్పందించాలి అన్నారు. కేసుల భయంతో సంస్థలు మంచీ చెడూ చూడకుండా తీసేసే ప్రమాదం ఏర్పడింది. చట్టం కింద చేసే నిబంధనలను ఉభయ సభల ముందు పెట్టాలి, సభ్యులు వాటిని రద్దు చేయమని కోరవచ్చు. చాలామంది ఎంపీలే మరిచిపోయే ఈ హక్కును రాజీవ్ వాడారు. 2012 మే 17న ఆయన రద్దు తీర్మానం చర్చకు వచ్చింది. ప్రతిపక్ష నాయకుడు అరుణ్ జైట్లీ కూడా నిబంధనల మీద ఆందోళన వ్యక్తం చేశారు. తీర్మానం మూజువాణి ఓటుతో ఓడిపోయింది, మంత్రి కపిల్ సిబల్ మాత్రం అందరితో సంప్రదిస్తానని సభలో మాట ఇవ్వవలసి వచ్చింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటర్నెట్‌లో పెట్టిన మాటలకు జైలు శిక్ష వేసే 66ఏ సెక్షన్‌ను కొట్టివేస్తూ, ఆ నిబంధనల పరిధినీ కుదించింది. కోర్టు ఆదేశమో ప్రభుత్వ ఉత్తర్వో ఉంటేనే సంస్థలు తీసేయాలి అంది. కాపీరైటు ఫిర్యాదుల దారి దీనికి కొంత వేరుగా ఉంటుంది. అయినా సభలో ఓడిన వాదన మూడేళ్ళ తర్వాత కోర్టులో గెలిచింది. ఒక్క ఎంపీ వల్ల ఏమవుతుంది అనేవారికి నేను ఈ సంగతే చెబుతాను.

సరే, మా ఎంపీ కలిస్తే ఏమి అడగాలి?

‘మీరు పైరసీకి వ్యతిరేకమా’ అని మాత్రం అడగకండి. అందరూ అవుననే అంటారు, మీకు తెలిసేది ఏమీ ఉండదు. నేనైతే ఇలా అడుగుతాను. నోడల్ అధికారులు ఇప్పటిదాకా ఎన్ని లింకులు తీయించారు, వాటిలో తప్పుగా తీసినవి ఎన్ని అని సభలో ప్రశ్న వేస్తారా? సైటు మొత్తం మూసే ముందు ఆ సైటు వారికి నోటీసు ఇవ్వాలన్న సవరణకు మీరు మద్దతు ఇస్తారా? మూసిన సైటు తెరిచినప్పుడు ఏ ఆదేశంతో, ఏ తేదీన మూశారో తెర మీద కనిపించాలంటే ఒప్పుకుంటారా? ఈ చివరిది కొత్త ఆలోచన ఏమీ కాదు. అలాంటి వివరం పాఠకుడికి కనిపించాలని 2016లో బొంబాయి హైకోర్టు ఒక సినిమా కేసులో ఆదేశించింది.

లోక్‌సభలో ఒక రోజుకు మౌఖిక జవాబు కోసం 20, లిఖిత జవాబు కోసం 230 ప్రశ్నలు వస్తాయి. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. కాబట్టి సమావేశాలు మొదలయ్యాక కాదు, మూడు నాలుగు వారాల ముందే వెళ్ళండి. ప్రశ్నను మీరే రెండు వాక్యాల్లో రాసి తీసుకువెళ్తే పని సులువవుతుంది. మర్యాదగా, పది మంది కలిసి వెళ్ళండి. థియేటరు వారిని, విద్యార్థులను ఒకే బృందంలో కూర్చోబెట్టగలిగితే ఇంకా మంచిది. వారిద్దరూ ఒకే మాట అడిగినప్పుడు పక్కకు నెట్టడం ఎవరికైనా కష్టం.

## నాలుగో దశ: సమస్య మీ దాకా వస్తే

అన్నమయ్య కీర్తన పాడి యూట్యూబ్‌లో పెడితే కాపీరైటు అని వచ్చింది. ఆరు వందల ఏళ్ళ నాటి పాటకు కాపీరైటు ఏమిటి?

మన ఊరిలో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అన్నమయ్య (1408–1503) సాహిత్యం మీద ఎవరికీ కాపీరైటు లేదు. కానీ తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారం నుంచి రాగిరేకులు బయటపడిన తర్వాత, ఎన్నో కీర్తనలకు 20వ శతాబ్దపు విద్వాంసులు కొత్తగా స్వరాలు కూర్చారు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ 1979లో పరమపదించారు. స్వరకర్త మరణించిన తర్వాత 60 ఏళ్ళ లెక్కన, ఆయన కూర్చిన బాణీల మీద హక్కు 2039 చివరి దాకా ఉంటుంది. రికార్డింగుకు మళ్ళీ వేరే హక్కు ఉంటుంది, విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్ళు.

కాబట్టి మూడు విషయాలు చూసుకోండి. సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, గొంతు ఎవరిది. సంప్రదాయంగా వస్తున్న బాణీలో మీ గొంతుతో మీరే పాడి ఉంటే, ఆ అభ్యంతరం తప్పు. యంత్రం రాగపు పోలికను చూసి పొరబడి ఉంటుంది. ధైర్యంగా వివాదం నమోదు చేయండి. వేరొకరి క్యాసెట్టు వెనుక నడిపి ఉంటే తీసేయండి.

పెళ్ళి వీడియోకు సినిమా పాట పెట్టుకోవచ్చా?

పెళ్ళిలో, ఊరేగింపులో పాట వేసుకోవడానికి కాపీరైటు చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. ఆ పాటను వీడియోలో కలిపి ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఆ మినహాయింపు సరిపోదు. ఇంట్లో చూసుకునే కాపీకి పాట ఉంచండి, బయట పెట్టే కాపీకి నాదస్వరం చాలు. మన పెళ్ళికి అంతకంటే మంచి సంగీతం ఏముంది?

నా సొంత వీడియో మీద ఎవరో తప్పుడు ఫిర్యాదు చేశారు. ఛానల్ పోతుందా?

వెంటనే పోదు. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు స్ట్రైకులు (కాపీరైటు హెచ్చరికలు) వస్తే ఛానల్ తొలగిస్తారు. ముందు అది స్ట్రైకా, క్లెయిమా చూడండి. క్లెయిమ్ అంటే ప్రకటనల డబ్బు గురించి గొడవ, దానికి స్ట్రైకు పడదు. స్ట్రైకు అయితే ప్రతి-నోటీసు ఇవ్వండి. అప్పుడు ఫిర్యాదు చేసినవారు కోర్టుకు వెళ్ళారని చూపించకపోతే వీడియో తిరిగి వస్తుంది. మీరు తీసిన అసలు ఫైళ్ళు, తేదీలు భద్రంగా ఉంచండి. హక్కు లేకుండా కాపీరైటు పేరుతో బెదిరించేవారి మీద మీరే దావా వేయడానికి మన చట్టం 60వ సెక్షన్‌లో దారి ఉంది. చాలామంది దీన్ని వాడుకోరు.

మా లఘుచిత్రాన్ని ఎవరో దొంగిలించి పెట్టారు. ఎక్కడికి వెళ్ళాలి?

ముందు లింకులు, తెర చిత్రాలు, తేదీలు భద్రపరచండి. అవి మాయమైతే రుజువు పోతుంది. తర్వాత ఆ వేదికలోని ఫిర్యాదుల అధికారికి రాయండి. సెన్సారు ధ్రువపత్రం ఉన్న సినిమా అయితే సమాచార ప్రసార శాఖ నోడల్ అధికారికి, హక్కు మీదే అన్న పత్రాలతో ఫిర్యాదు చేయండి. సైటు మొత్తం పేరు కాకుండా సినిమా ఉన్న కచ్చితమైన లింకునే రాయండి. పని త్వరగా అవుతుంది, పక్కనున్నవారికి దెబ్బ తగలదు.

ఒక సైటు మా ఊళ్ళో తెరుచుకోవడం లేదు. ఎందుకో తెలుసుకునే దారి ఉందా?

మొదట వేరే కంపెనీ నెట్‌తో తెరిచి చూడండి. ఒక కంపెనీలోనే రాకపోతే అది సాంకేతిక లోపం కావచ్చు. అన్నిటిలో రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. ‘ఎందుకు మూశారు’ అని అడిగితే, అది 69ఏ ఆదేశమైతే, గోప్యమని తిప్పి పంపుతారు. అందుకని ‘ఈ సైటును నిరోధించమని కోర్టు ఆదేశం ఏదైనా శాఖకు అందిందా, అందితే కేసు నంబరు, తేదీ ఇవ్వండి’ అని రాయండి. కోర్టు ఆదేశాన్ని గోప్యమని చెప్పడం అంత సులువు కాదు. జవాబు వచ్చినా, రాకపోయినా, ఆ కాగితం నకలు ఒకటి మీ ఎంపీ కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.